మత్తడి దూకిన విషం

పటాన్‌చెరు, బొల్లారం పల్లెల్లో నాలుగు దశాబ్దాలుగా సాగుతున్న కథ ఇది. విషాన్ని కనిపెట్టినవాళ్లున్నారు. లెక్క తేల్చినవాళ్లున్నారు. తీర్పులు చెప్పినవాళ్లున్నారు. పడినచోట దాన్ని కడిగే పని మాత్రం చాలావరకు మిగిలే ఉంది.

మొదట బర్రెలకు తెలిసింది.

హైదరాబాద్ నుంచి ముంబై హైవే మీద ముప్పై కిలోమీటర్ల దూరంలో పటాన్‌చెరు. 1970లలో ఇక్కడ పారిశ్రామికవాడ వెలిసింది. ఆ తర్వాత బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, పాశమైలారం వరకు ఫ్యాక్టరీలు పాకాయి. కొన్నేళ్లకే నక్కవాగు ఒడ్డు ఊళ్లలో పశువులు నీళ్ల దగ్గర మొరాయించడం మొదలుపెట్టాయి. దాహానికి ఆగలేక తాగినవి జబ్బుపడ్డాయి, కొన్ని చచ్చిపోయాయి. పొద్దున వాగు ఒక రంగులో, సాయంత్రం ఇంకో రంగులో పారేది. నాటేసిన మడి ఎర్రబారేది. బోరు నీళ్లు పోసిన చోట నేల మీద తెల్లగా ఉప్పు పేరుకునేది. ఎండాకాలం రాత్రి ఆరుబయట మంచం వేసుకుని పడుకుందామంటే ఘాటు వాసన గొంతు పట్టేది.

ఇంత జరిగినా రైతు దగ్గర ‘రుజువు’ లేదు. చచ్చిన బర్రె రుజువు కాదు, మాడిన పంట రుజువు కాదు. ల్యాబ్ కాగితం కావాలన్నారు. ఆ కాగితం కోసం చేసిన పోరాటమే పటాన్‌చెరు చరిత్రలో సగం.

గొలుసుకట్టు దారి

పటాన్‌చెరు పేరులోనే చెరువుంది. చాళుక్యుల కాలపు పొట్లకెరె ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ‘కెరె’ అంటే కన్నడంలో చెరువే. పంటల మీద పరిశోధించే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్‌ను 1972లో పెట్టింది కూడా ఈ పటాన్‌చెరులోనే. నీళ్లకూ పంటకూ పేరున్న నేల అది.

తెలంగాణలో ఏ చెరువూ ఒంటరిది కాదు. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది కుంటలోకి, కుంట నిండితే వాగులోకి నీళ్లు పోతాయి. కరువు నేలలో ప్రతి చుక్కనూ పది ఊళ్లు పంచుకునేలా పెద్దలు కట్టిన గొలుసుకట్టు ఇది. విషం కూడా ఆ గొలుసు పట్టుకునే నడిచింది. కాజీపల్లి, గండిగూడెం చెరువులు, బొల్లారం అసానికుంట, వాటి కింద పాములవాగు, ఇసుకవాగు, వాటిని కలుపుకొని నక్కవాగు, చివరికి మంజీర. ఒక ఫ్యాక్టరీ వెనక గోడకున్న పైపు ఎన్నో ఊళ్ల పొలాలను తడిపింది.

భూమి లోపల కథ ఇంకా చిక్కు. ఇక్కడ పైన కొన్ని మీటర్ల లోతు వరకు కుళ్లిన రాయి, దాని కింద పగుళ్లుబారిన గ్రానైటు ఉంటాయి. నీళ్లు ఆ పగుళ్ల వెంట పోతాయి. ఏ పగులు ఎటు తిరుగుతుందో పైనుంచి కనబడదు. అందుకే ఫ్యాక్టరీ పక్కనున్న బోరు ఒక్కోసారి బాగుంటుంది, కిలోమీటరు అవతలి బోరు పాడవుతుంది. ‘మా పక్క బోరే బాగుంది కదా’ అని కంపెనీ అనడానికీ, ‘మరి మా బోరు ఎందుకు చెడింది’ అని రైతు అడగడానికీ చోటు కల్పించింది ఆ రాయే.

ఇక్కడే ఎందుకింత విషం? హైదరాబాద్ బల్క్ డ్రగ్ రాజధాని. 1970 పేటెంట్ చట్టం, ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న కెమిస్టులు, ప్రభుత్వ రాయితీలు కలిసి ఈ పరిశ్రమను నిలబెట్టాయి. ప్రపంచానికి చౌకగా మందులు అందించిన ఘనత దానిది, కాదనలేం. కానీ మాత్రలోని అసలు మందు తయారీ శుభ్రమైన పని కాదు. రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ వేసిన లెక్క ప్రకారం కిలో మందు తయారైతే 25 నుంచి 100 కిలోలకు పైగా వ్యర్థం మిగులుతుంది. రసాయనాలను కరిగించే సాల్వెంట్లు, లవణాలు, సగంలో ఆగిన రసాయనాలు అన్నీ అందులో ఉంటాయి. వాటిని శుద్ధి చేయాలంటే సాల్వెంట్లను వేరుచేసే స్ట్రిప్పర్, ఆవిరియంత్రాలు, కరెంటు, బొగ్గు కావాలి. రాత్రిపూట ట్యాంకర్ వాల్వు తిప్పడానికి ఇవేవీ అక్కర్లేదు.

డాక్టర్, ప్రొఫెసర్, రైతు

పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు దగ్గరికి రోగులు వరుసగా అవే జబ్బులతో వచ్చేవారు. దద్దుర్లు, ఆయాసం, కడుపునొప్పి. చీటీ రాసి పంపితే సరిపోయేది. ఆయన ఏ ఊరి నుంచి వచ్చారని అడిగారు. ఊళ్ల పేర్లు వాగు వెంట వరుసకట్టాయి. అక్కడి నుంచి ఆయన జీవితం ఆసుపత్రికీ ఉద్యమానికీ మధ్య నడిచింది. ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం బోధించిన ప్రొఫెసర్ కె.పురుషోత్తంరెడ్డి లాంటివాళ్లు తోడు నిలిచారు. రైతులు చెడిపోయిన నీళ్లు సీసాల్లో పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు.

1990లో ‘ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో–లీగల్ యాక్షన్’ సుప్రీంకోర్టులో రిట్ వేసింది. జిల్లా జడ్జి నివేదికలు, నిపుణుల పరిశీలనలు, పంట నష్టపోయిన రైతులకు పరిహారం, పాడైన ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వాలన్న ఆదేశాలు ఆ కేసులోంచే వచ్చాయి. 2001లో అది హైకోర్టుకు బదిలీ అయింది. తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లి 2017లో ముగిసింది. ఇరవై ఏడేళ్లు! కేసు వేసిననాడు బడికి పోయిన పిల్లలకు, తీర్పు వచ్చేసరికి బడికి పోయే పిల్లలున్నారు.

కోర్టు చేసిన మేలు తక్కువది కాదు. అది లేకుంటే పరిహారమూ లేదు, కుళాయీ లేదు. కానీ పరిహారం పోయిన పంటకు దక్కింది. చెడిపోయిన నేల చెడిపోయినట్టే ఉంది. కుళాయి వచ్చింది సరే, బోరు సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

స్వీడన్ నుంచి వచ్చిన లెక్క

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ప్రచురించిన పత్రం ప్రపంచాన్ని పటాన్‌చెరు వైపు తిప్పింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి ‘శుద్ధి అయి’ బయటికొస్తున్న నీళ్లను వాళ్లు పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల మందు వాగులో కలుస్తోందని వాళ్లు లెక్కగట్టారు. 500 మిల్లీగ్రాముల మాత్రలుగా చూస్తే 90 వేలు. తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడే సిప్రోఫ్లాక్సాసిన్ అంత.

2009లో మరో పత్రం వచ్చింది. ఆరు ఊళ్ల బావుల నీళ్లు పరీక్షిస్తే అన్నింట్లోనూ మందులు దొరికాయి. రెండు చెరువుల్లో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా ఉంది. తప్పంతా శుద్ధి కేంద్రం ఒక్కదానిది కాదనీ, సరిగా శుద్ధి చేయని వ్యర్థం వేరే దారుల్లోనూ చేరుతోందనీ దానితో తేలిపోయింది. 2014లో ఇక్కడి ఓ చెరువులోని సూక్ష్మజీవుల జన్యువులను చదివితే, యాంటీబయాటిక్‌లకు లొంగని జన్యువులు 81 రకాలు బయటపడ్డాయి. స్వీడన్ చెరువుతో పోలిస్తే అవి సుమారు ఏడు వేల రెట్లు ఎక్కువ.

దీని అర్థం సూటిగా చెప్పుకుందాం. మందుల్లో నానిన వాగులో మందుకు చచ్చే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, చావనిది పెరుగుతుంది. ఆ మొండితనాన్ని పక్కనున్న బ్యాక్టీరియాకు జన్యువు రూపంలో అందిస్తుంది కూడా. అలాంటి బ్యాక్టీరియా నీళ్లతో, పశువులతో, మనుషులతో ప్రయాణం చేస్తుంది. రేపు ఎక్కడో ఓ బాలింతకు ఇన్ఫెక్షన్ సోకి మందు పనిచేయకపోతే, ఆ మొండితనం ఏ వాగులో పుట్టిందో చెప్పగలిగేవాళ్లు ఉండరు.

బావుల పత్రం వచ్చిన 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ కట్టింది. 70 దాటినవి ‘తీవ్ర కాలుష్య ప్రాంతాలు’. పటాన్‌చెరు–బొల్లారం సూచీ 70.07.

బోరు దగ్గర ఓ సీసా

కాలుష్యాన్ని రుజువు చేయడం అంటే ఏమిటో ఒక బోరు దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది.

మోటారు వేయగానే వచ్చే నీళ్లు పట్టుకోరు. అవి పైపులో నిలవున్న నీళ్లు. కాసేపు వదిలి, నీటి ఆమ్లగుణం, విద్యుత్ వాహకత అంకెలు మారకుండా నిలిచాకే శాంపిల్ తీస్తారు. సాల్వెంట్ల పరీక్షకు గోధుమరంగు గాజు సీసా వాడతారు. మూత కింద ఒక్క గాలిబుడగ కూడా ఉండకూడదు, ఉంటే ఆవిరయ్యే రసాయనం అందులోకి జారుకుంటుంది. ఆర్సెనిక్, సీసం లాంటి లోహాలకు వేరే ప్లాస్టిక్ సీసా, అందులో కొన్ని చుక్కల నైట్రిక్ ఆమ్లం. లేకుంటే లోహం సీసా గోడకు అంటుకుని లెక్కలోంచి తప్పించుకుంటుంది. సీసా మీద తేదీ, సమయం, బోరు గుర్తు రాసి, సీలు వేసి, ఐసు పెట్టెలో నాలుగు డిగ్రీల చలిలో ల్యాబుకు పంపుతారు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ప్రతి సంతకమూ కాగితం మీద ఉండాలి.

ఇందులో ఏ ఒక్కటి తప్పినా కోర్టులో ఆ సీసా చెల్లదు. పైగా ఒక్క సీసా చాలదు. వానలకు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి తీయాలి. ఫ్యాక్టరీకి ఎగువన కాలుష్యం తగలని బోరు నుంచి కూడా తీస్తేనే పోల్చి చూడటానికి వీలవుతుంది. ఎండిన పైరు పట్టుకుని కలెక్టరేట్‌కు వెళ్లిన రైతు చేతిలో ఇవేవీ లేవు. ఉండాల్సింది కాలుష్య నియంత్రణ మండలి చేతిలో. నేల చెడిందని నిరూపించే భారం నేలను నమ్ముకున్నవాడి మీద మోపడమే ఈ కథలో మొదటి అన్యాయం.

జరపడం వేరు, కడగడం వేరు

మరి నలభై ఏళ్లుగా ఏమీ చేయలేదా అంటే, చేశారు. ఏం చేశారో వరుసగా చూడండి.

కంపెనీల నుంచి వ్యర్థజలాలు వాగులోకి పోతున్నాయని 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం కట్టారు. ట్యాంకర్లు అక్కడికి మళ్లాయి. ఆ కేంద్రం వదిలిన నీళ్లు ఇసుకవాగులో కలిశాయి. వాగు పాడవుతోందని సుమారు 18 కిలోమీటర్ల పైపులైను వేశారు. 2009 నుంచి ఆ నీళ్లు నగరం మురుగునీటితో కలిసి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి మూసీలోకి వెళ్లాయి. మూసీ కింద వరి, పశుగ్రాసం పండించే రైతులు అది వద్దని మొత్తుకున్నారు. ఘన వ్యర్థాల కోసం 2001లో దుండిగల్‌లో పూడ్చివేత కేంద్రం వచ్చింది.

ప్రతి అడుగులోనూ విషం ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లింది. ఫ్యాక్టరీ నుంచి వాగుకు, వాగు నుంచి పైపుకు, పైపు నుంచి నదికి. ఇంట్లో చెత్త ఊడ్చి పక్కింటి వాకిట్లో పోస్తే ఇల్లు శుభ్రమైందని అనుకుంటామా? కొత్తగా పడే విషాన్ని తగ్గించే ప్రయత్నాలు జరిగాయి. చాలా బల్క్ డ్రగ్ యూనిట్లు వ్యర్థజలం చుక్క బయటికి పోని ‘జీరో లిక్విడ్ డిశ్చార్జ్’ వ్యవస్థలు పెట్టుకున్నాయి. అది మేలే. అయినా 2017లో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. ముందే పడిన విషం, అంటే చెరువు అడుగు పూడికలో, రాతి పగుళ్లలో దిగిపోయినది, ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

మందుల అవశేషాలకు పరిమితి పెట్టే అవకాశం కూడా చేజారింది. బల్క్ డ్రగ్ వ్యర్థజలాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంత దాటకూడదో చెబుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది ప్రకటనలో ఆ పట్టిక లేదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని చట్టంగా మలచాల్సింది మనమే.

కడగడం అంటే

రసాయనం ఇంకిన నేలను బాగుచేయడానికి దారులున్నాయి. అన్నిటికన్నా ముందు కొత్తగా పడేది ఆగాలి. కుళాయి తిప్పి ఉంచి గచ్చు తుడిస్తే లాభం లేదు. ఆ తర్వాత చెరువు పూడికను గళ్లుగా విభజించి, ఏ గడిలో ఏ లోతున ఏముందో తేల్చాలి. విషం ఎక్కువున్న పూడికను తవ్వి, మట్టి పొర, ప్లాస్టిక్ పొర, ఊట నీటిని పట్టే గొట్టాలు ఉన్న భద్రమైన గుంతలో పూడ్చాలి. తక్కువున్న చోట రసాయనాలను తినే సూక్ష్మజీవులను పెంచవచ్చు. భూగర్భ జలానికి ‘తోడి, శుద్ధిచేసే’ బోర్లు వేయాలి. కొన్ని రకాల సాల్వెంట్లు పారే దారిలో ఇనుప రజను గోడ నిలిపి, నీళ్లు దాన్ని దాటేటప్పుడు విషం విరిగిపోయేలా చేయడమూ ఉంది. పగుళ్ల రాతిలో ఇవన్నీ నిదానంగా, ఖర్చుతో సాగే పనులు. ఏళ్లు పడుతుంది, ఒక్కోసారి దశాబ్దాలు.

అమెరికాలో నయాగరా ఫాల్స్ పట్టణంలోని లవ్ కెనాల్ కాలనీ అనుభవం ఇదే చెబుతుంది. పాత కాలువలో ఓ కంపెనీ సుమారు 21 వేల టన్నుల రసాయనాలు పూడ్చింది. దాని మీద బడి, చుట్టూ ఇళ్లు లేచాయి. లోయిస్ గిబ్స్ అనే గృహిణి ఇంటింటికీ తిరిగి జబ్బుల లెక్క రాసి మ్యాపు మీద గుర్తులు పెట్టారు. 1978లో అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. కుటుంబాలను తరలించారు. కాలుష్యం చేసినవాడే డబ్బు కట్టాలనే ‘సూపర్‌ఫండ్’ చట్టం 1980లో వచ్చింది. అయినా అక్కడి విషంలో ఎక్కువ భాగం నేలలోనే ఉంది. పైన కప్పు వేశారు, కింద ఊటను పట్టి శుద్ధి చేస్తున్నారు. ఆ కాపలా ఆగడానికి లేదు. డాక్టర్ కిషన్‌రావు వాగు వెంట ఊళ్ల పేర్లు రాసుకున్నట్టే గిబ్స్ వీధుల పేర్లు రాసుకున్నారు. అక్కడ రెండేళ్లలో చట్టం వచ్చింది, తప్పించుకోలేని ఖాతా ఒకటి తెరుచుకుంది. మనకు దక్కనిది అదే.

భూమి తాగిన విషం ఏ పత్రంలో ఉంటుంది?

ఇప్పుడు పటాన్‌చెరు చుట్టూ పొలాలు వేగంగా ప్లాట్లు అవుతున్నాయి. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక కిష్టారెడ్డిపేట, సుల్తాన్‌పూర్, బీరంగూడ వైపు అపార్ట్‌మెంట్లు లేచాయి. జీవితకాలం పొదుపు పోసి ఫ్లాటు కొనే కుటుంబం ముందుగా ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తుంది. భూమి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో అందులో ఉంటుంది. ఆ భూమి ఏం తాగిందో ఉండదు. నిన్నటిదాకా ఇది రైతుల బాధ. రేపు బోరు నీళ్లతో స్నానం చేసే ప్రతి ఇంటి బాధ.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణపై ప్రత్యేక నియమాలు ప్రకటించింది. మనకు ఇలాంటివి రావడం ఇదే మొదటిసారి. అనుమానం ఉన్న స్థలాలపై జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. రాష్ట్ర మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, ఆ తర్వాత మూడు నెలల్లో సమగ్ర సర్వే చేయాలి. బాధ్యుడిని తేల్చి, శుద్ధి ఖర్చు అతనితోనే కట్టించాలి. అప్పటికి దేశంలో గుర్తించిన కలుషిత స్థలాలు 103. వాటిలో శుద్ధి మొదలైనవి ఏడు. కొత్త నియమాల్లో పరిశీలనకు గడువుంది, శుద్ధి పూర్తికి గడువు లేదు. ఇరవై ఏడేళ్లు కోర్టు మెట్లెక్కిన పల్లెలకు ఆ లోటు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

మీ బోరు మీద అనుమానం వస్తే

• నీళ్లు మరగబెడితే క్రిములు చస్తాయి, లవణాలూ లోహాలూ పోవు. నీరు ఆవిరై అవి మరింత చిక్కబడతాయి. అనుమానం తీరేదాకా ఆ నీళ్లు తాగొద్దు, వంటకు వాడొద్దు.
• రంగు, వాసన, నురగ కనిపించిన తేదీ, సమయం నోట్‌బుక్‌లో రాయండి. ఫోటో తీయండి. ఒక్కరు రాసింది ఫిర్యాదు, పదిమంది కలిసి రాసింది ఆధారం.
• కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. శాంపిల్ తీసేటప్పుడు దగ్గరుండి చూడండి. నివేదిక ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి.
• హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే సాధారణంగా ఆరు నెలల్లోపు, నష్టపరిహారానికైతే ఐదేళ్లలోపు దరఖాస్తు చేసుకోవాలి.

బర్రె చెప్పాల్సిన తీర్పు

పటాన్‌చెరు అడిగేది ఫ్యాక్టరీలు మూసేయమని కాదు. ఆ ఊళ్ల పిల్లలూ వాటి గేట్లలోకే డ్యూటీకి పోతున్నారు. అడిగేది ఒక పట్టిక. చెడిపోయిన చెరువులెన్ని, బోర్లెన్ని, ఏ చెరువు పూడికలో ఏముంది, ఎవరు వేశారు, ఎవరి డబ్బుతో ఏ సంవత్సరానికి తీస్తారు. ఈ పట్టిక పంచాయతీ గోడ మీద తెలుగులో ఉండాలి. ఏటా వానలకు ముందూ తర్వాతా కొత్త అంకెలు అదే గోడ మీదికి రావాలి. ఇది ఖరీదైన పని కాదు, దాచకుండా ఉండాల్సిన పని.

ఆ అంకెలు నిజంగా తగ్గాయని చివర్లో చెప్పేది ల్యాబ్ కాదు. ఎండ ముదిరిన మధ్యాహ్నం కట్ట మీద నిలబడ్డ రైతు తన బర్రెను చెరువులోకి తోలాలి. అది నీళ్ల దగ్గర మొరాయించకుండా మెడ దాకా దిగి, కడుపునిండా తాగి, ఒడ్డెక్కి తడి ఒళ్లు విదిల్చుకోవాలి. మొదట పసిగట్టింది అదే. ఆఖరి తీర్పూ దానిదే.